అక్వేరియం పంపు కొనే ముందు ఇవి చూసుకోండి

మన పర్లాకిమిడి వైపు నుంచి పంపు కోసం బరంపురం దాకా వెళ్ళేవాళ్ళు ముందు ఇంట్లోనే టేపు పట్టి తొట్టి కొలవండి, లేకపోతే మార్చుకోవడానికి మళ్ళీ అంత దూరం తిరగాలి.

- పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 30 అయితే 54 లీటర్లు. పంపు గంటకు దానికి నాలుగైదు రెట్ల నీళ్ళు తిప్పితే మామూలు తొట్టికి చాలు. ఫైటర్ చేపకైతే ఇంకా తక్కువే మంచిది, పాపం ఆ ధారకి ఈదలేక అలిసిపోతుంది.

- డబ్బా మీద రాసిన లీటర్లు నీళ్ళు పైకి ఎక్కించనప్పటి లెక్క. గరిష్ఠ ఎత్తు 1 మీటరు అని ఉంటే, ఆ ఎత్తుకి చేరేసరికి ధార పూర్తిగా ఆగిపోతుంది. ఫిల్టర్ పైన పెట్టేవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

- ధర కన్నా ముందు వాట్లు చూడండి. పంపు రాత్రీ పగలూ ఆగదు కదా, 25 వాట్లదైతే నెలకు 18 యూనిట్లు, 10 వాట్లదైతే 7.2 యూనిట్లే, కాబట్టి ఒకే ధార ఇచ్చే రెండింటిలో కాస్త ఖరీదైనా తక్కువ వాట్లదే తీసుకోమంటాను. డీసీ పంపులు (అడాప్టరుతో నడిచేవి) సాధారణంగా ఇంకా తక్కువ లాగుతాయి.

- వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడు నీటి చుక్క సాకెట్లోకి పోదు.

- కరెంటు పోయినా సరే, ప్లగ్గు తీశాకే తొట్టిలో చెయ్యి పెట్టండి. ఎప్పుడొస్తుందో తెలీదు.