కారులో పాడ్‌కాస్టులు వినే కొత్త తమ్ముళ్లకు

మొన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. "అన్నయ్యా, బంగారు నాణేలు కొన్నాను, డాలర్ పడిపోతుందట" అన్నాడు. ఎవరు చెప్పార్రా అంటే, ఆఫీసుకు వెళ్తూ రోజూ వినే పాడ్‌కాస్ట్ ఆయన. పదమూడేళ్ల కిందటి నా మొహమే కనబడింది నాకు.

బ్యాంకు, లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ సంగతులు నీకు వందమంది చెప్తారు. నేను ఆ పాడ్‌కాస్టు గొంతుల సంగతే చెప్తాను.

ముందు, అవి వార్తలు కావు. ప్రసారాల్లో రెండు వైపుల వాదనా వినిపించాలన్న నిబంధనను 1987లో ఎఫ్‌సీసీ (రేడియో, టీవీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) ఎత్తేసింది. మరుసటి ఏడాదే రష్ లింబా అనే రైట్‌వింగ్ వ్యాఖ్యాత దేశమంతటా రేడియో షో మొదలుపెట్టాడు. గ్లెన్ బెక్, బెన్ షపీరో, మైకేల్ నోల్స్ అందరూ ఆ బాటలో నడిచినవాళ్లే. రాజకీయం, మీడియా మీద కోపం, పిల్లల బడి, దేవుడు, అన్నీ ఒక్క గంటలో కలిపి వడ్డిస్తారు. వీళ్ల దేవుడు కూడా ఒకటి కాదు. బెక్ మోర్మన్, షపీరో సనాతన యూదుడు, నోల్స్ కేథలిక్. అన్నీ చర్చి మాటలే అనుకుని ఆఫీసు భోజనాల దగ్గర నోరు జారకు.

అసలు గోతి ప్రకటనల దగ్గరుంది. పాడ్‌కాస్ట్ ఉచితం కదా, డబ్బు అక్కడినుంచే వస్తుంది. ఇరవై నిమిషాలు దేశం అప్పు గురించి భయపెట్టిన గొంతే, ఊపిరి కూడా మార్చుకోకుండా, బంగారం కొనమంటుంది. లేకపోతే పాతికేళ్లు చెడని భోజనం బకెట్టు. (పులిహోర లేదు అందులో, చూశాను.) నేనూ అలాగే విని ప్రకటనలోని నంబరుకు ఫోన్ చేశాను. అవతలివాడు అపురూపమైన నాణేలని చెప్పి 4,200 డాలర్లు తీసుకున్నాడు. ఏడాది తర్వాత ఉద్యోగం పోయి అమ్మబోతే, కొట్టువాడు తూకం వేసి మూడో వంతు తక్కువ చెప్పాడు. ప్రొద్దుటూరులో తరుగు మీద అరగంట గొడవపడే మా అమ్మ కొడుకుని నేను! ఒక్క ప్రశ్న అడగలేదు.

కొనే ముందు, ఆ రోజు బంగారం ఔన్సు ధర ఎంతో ఫోన్‌లో చూడు. నాణెం దానికంటే ఎంత ఎక్కువో లెక్కవేయి. "ఇప్పుడే తీసుకోండి, అయిపోతాయి" అన్నాడా, ఫోన్ పెట్టేయి. అంతగా కావాలంటే కాస్ట్‌కో సూపర్‌మార్కెట్లో కూడా బంగారం బిళ్లలు అమ్ముతారు, ధర పక్కనే ఉంటుంది. అర్థమవుతోందా?

వీసా మాటలు వచ్చినప్పుడు కూడా అంతే. 2024 డిసెంబరులో హెచ్-1బి మీద మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు, మిగతా ట్రంప్ అభిమానుల్లో చాలామంది మరోవైపు తిట్టుకున్నారు. వాళ్లలో వాళ్లకే కుదరని మాటకు నువ్వు రాత్రంతా టెన్షన్ పడకు. లాయరును అడుగు.

సరేలే, మానేయమనడం లేదు. వింటే చెవికి ఇంగ్లిష్ అలవాటవుతుంది, పక్కవాడి మనసూ తెలుస్తుంది. మా పక్కింటి పెద్దాయన అవే వింటాడు. 2021 ఫిబ్రవరి మంచులో కరెంటు పోయినప్పుడు మాకు కట్టెలు తెచ్చింది ఆయనే. అదే వారం లింబా చనిపోయాడని కళ్లు తుడుచుకున్నాడు. నేను టీ పెట్టిచ్చాను.

నా నాణేలు ఇంకా అలమారాలోనే ఉన్నాయి. ఈ మధ్య బంగారం పెరిగి నష్టం పూడింది. ఆ సంగతి మావాడికి మాత్రం చెప్పొద్దు.