పాత బాక్సులు ఆగకుండా ప్రోటోకాల్‌లోకి తెలుగు తేవడం ఎలా

ఎనుమాముల మార్కెట్‌లో కాంటా దగ్గరి బాక్సు నుంచి సర్వర్‌కు రైతు పేరు, సరుకు, బస్తాలు, బరువు కామాలు పెట్టి ఒక్కో లైన్‌గా పోతున్నాయనుకోండి. ఎప్పుడో రాసిన ప్రోటోకాల్ (రెండు మెషీన్లు మాట్లాడుకునే పద్ధతి), అంతా ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలకే సరిపోయే కోడ్), ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) గురించి స్పెక్‌లో, అంటే ఆ ప్రోటోకాల్ నియమాల పత్రంలో, ఒక్క ముక్క లేదు. ఇప్పుడు చీటీ మీద పేరు తెలుగులో రావాలంటున్నారు, కానీ పాత బాక్సులన్నీ ఒకేసారి మార్చే పైసలు లేవు.

ముందు ఇప్పటిదాకా నడిచిన పద్ధతిని స్పెక్‌లో రాసి పెట్టండి: ఏమీ చెప్పకుండా కనెక్ట్ అయిన బాక్సుతో ఆస్కీయే, 0 నుంచి 127 వరకు బైట్లే. ఈ లైన్ లేకుంటే తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు.

కొత్తగా ఒక్క యూటీఎఫ్-8నే (తెలుగుతో సహా అన్ని లిపులూ రాయగల ఎన్‌కోడింగ్) ఒప్పుకోండి. నాలుగైదు ఎన్‌కోడింగ్‌ల పేర్లు పెట్టి నచ్చింది ఎంచుకోమంటే ప్రతి బాక్సు అన్నీ నేర్చుకోవాలి, ఎవరూ నేర్చుకోరు. యూటీఎఫ్-16 అయితే అసలు వద్దు: అందులో 'ఊ' అక్షరం రెండు బైట్లలో ఒకటి 10, అంటే పాత పార్సర్‌కు (లైన్‌ను కామాల దగ్గర ఫీల్డ్‌లుగా విడదీసే ప్రోగ్రామ్‌కు) కొత్త లైన్, 'బ' బైట్లలో ఒకటి 44, అంటే కామా. 'బస్తా' అని పంపితే మొదటి అక్షరం దగ్గరే ఫీల్డ్ తెగుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ 127 పైనే ఉంటాయి కాబట్టి కామాలు, లైన్లు చెక్కుచెదరవు.

ఇక అసలు సంగతి, ఎవరు ముందు చెప్పాలి? కొత్త బాక్సే అడగాలి. కనెక్ట్ కాగానే 'యూటీఎఫ్8 వచ్చా' అన్న అర్థంలో ఒక కమాండ్ పంపాలి, సర్వర్ సరే అంటేనే తెలుగు మొదలుపెట్టాలి. పాత సర్వర్ 'తెలియని కమాండ్' అని ఎర్రర్ ఇస్తే మళ్లీ ఆస్కీలోనే నడవాలి. ఈమెయిల్ సర్వర్లు చాలా ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాయి: ఈహెచ్ఎల్ఓ అని పలకరిస్తే అవతలి సర్వర్ తనకు వచ్చిన ఎక్స్‌టెన్షన్లు చెప్తుంది, అది అర్థం కాని సర్వర్‌తో పాత హెచ్ఈఎల్ఓతో నడిపిస్తారు. చిరునామాల్లో కూడా యూటీఎఫ్-8 వాడే ఎక్స్‌టెన్షన్ 2012లో ఆర్ఎఫ్‌సీ 6531గా (ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ నియమాల పత్రాలు) వచ్చింది, అదీ ఈ దారిలోనే. తెలియని కమాండ్ చూడగానే కనెక్షన్ తెంపేసే పాత సర్వర్లు కూడా ఉంటాయి, అలాంటప్పుడు ఆ కమాండ్ లేకుండా మళ్లీ కనెక్ట్ కావాలని స్పెక్‌లో రాయండి.

పొడవు దగ్గర అందరూ తడబడతారు. పాత స్పెక్‌లో 'సరుకు పేరు 20 అక్షరాలు' అని ఉంటే దాన్ని '20 బైట్లు' అని మార్చండి, ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ (ఒక్కో గుర్తుకు యూనికోడ్ ఇచ్చిన నంబర్) ఒక్కోటి 3 బైట్లు, గుణింతం గుర్తు, పొల్లు, సున్నా కూడా వేర్వేరు కోడ్‌లే. 'చపాటా మిర్చి' 34 బైట్లు. 20 దగ్గర కోస్తే 'మ' తర్వాత గుడి గుర్తు మధ్యలో తెగి చెడ్డ బైట్ మిగులుతుంది, పోనీ కోడ్ హద్దులో కోసినా 'చపాటా మ' అని వస్తుంది. మొత్తం అక్షరం దగ్గర కోయండి, లేదా తెలుగు మోడ్‌లో ఫీల్డ్‌ను 60 బైట్లు చేయండి, నాకైతే రెండోదే నయం.

పాత బాక్సుకు తెలుగు పేరు పంపాల్సి వస్తే ప్రశ్న గుర్తులు పెట్టకండి, రైతు చీటీ పట్టుకుని కొట్లాటకు వస్తాడు. ఇంగ్లిష్ అక్షరాల పేరు డేటాబేస్‌లో వేరే కాలమ్‌లో ఉంచి అదే పంపండి. అది ఆటోమేటిక్‌గా తయారు చేయొద్దు, పాస్‌బుక్‌లో ఎలా ఉంటే అలాగే.

చెడ్డ బైట్లు వస్తే ఆ లైన్‌ను ఎర్రర్‌తో తిప్పి పంపాలి, ఊహించి సరిచేయొద్దు. డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో టైప్ చేసిన ఫైళ్లు యూనికోడ్ కావు, చూడ్డానికి తెలుగులా కనిపించినా లోపల వేరే నంబర్లు, అవి కన్వర్టర్‌లో వేశాకే సిస్టమ్‌లోకి రావాలి. యూటీఎఫ్-8 మొదట్లో బీఓఎం (ఎన్‌కోడింగ్ ఏదో తెలిపేందుకు కొన్ని ప్రోగ్రాములు మొదట్లో పెట్టే మూడు బైట్ల గుర్తు) కూడా పెట్టొద్దు, పాత పార్సర్ ఆ మూడు బైట్లను రైతు పేరులో కలిపేస్తుంది.

టెస్ట్ చేసేటప్పుడు పాత బాక్సు-కొత్త సర్వర్, కొత్త బాక్సు-పాత సర్వర్, ఈ రెండు జతలూ చూడండి, 'ఊ', 'బ' ఉన్న పేర్లు తప్పకుండా వేయండి.