వానలకు ముందు లారీ బేరింగులు: నీరు చేరకముందే చూడవలసినవి

వానాకాలంలో లారీ ముందు చక్రాల బేరింగులు అరిగితే తప్పంతా గుంతల మీదికి నెట్టడం అలవాటు. గుంతల వాటా ఉన్న మాట నిజమే కాని, హబ్ (చక్రం నడుమ బేరింగులు ఉండే భాగం) విప్పితే చాలాసార్లు కనిపించేది నీరు చేసిన నష్టం. గంటల తరబడి నడిచిన బండి హబ్ వేడెక్కి ఉంటుంది. ఆ వేడి మీదే లోతు నీటిలోకి దిగితే హబ్ ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీలోకి సీల్ (గ్రీజును లోపల, నీటిని బయట ఆపే వలయం) అంచు మీదుగా నీరు చొరబడుతుంది. నీరు కలిసిన గ్రీజు తెల్లగా మారి, రోలర్‌కూ, అది దొర్లే ఉక్కు వలయమైన రేసుకూ మధ్య పొరగా నిలవలేకపోతుంది. బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే తుప్పు చుక్కలు మొదలవుతాయి.

కాబట్టి హబ్ విప్పి చూసే పని వానలు పడకముందే పూర్తి కావాలి. విప్పిన ప్రతిసారీ సీల్ కొత్తది వేయండి. పాత సీల్ పైకి బాగానే కనిపించినా దాని పెదవి గట్టిపడి ఉండవచ్చు. ఇక్కడ పొదుపు చేయడంలో అర్థం లేదు. బేరింగును కడిగి ఆరబెట్టి, రోలర్ల మీదా రేసు మీదా గుంటలు, నీలిరంగు మచ్చలు, పెచ్చులు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. ఏ ఒక్కటి కనిపించినా రోలర్ల భాగం, బయటి రేసు రెండూ కలిపి మార్చాలి. కడిగిన బేరింగును కంప్రెసర్ గాలితో గిరగిరా తిప్పే సరదా వద్దు. గ్రీజు లేని రోలర్లు గీతలు పడతాయి, రోలర్లను పట్టి ఉంచే చట్రం (కేజ్) విడిపోతే మనిషికి గాయమవుతుంది.

గ్రీజు విషయంలో రెండు పొరపాట్లు తరచు జరుగుతాయి. ఒకటి, పాత గ్రీజు ఏ రకమో తెలియకుండా దాని మీదే కొత్త రకం పెట్టడం. ఉదాహరణకు లిథియం కాంప్లెక్స్ గ్రీజూ, బెంటోనైట్ బంకమట్టి గ్రీజూ కలిస్తే మిశ్రమం పలచబడి కారిపోవచ్చు. రెండోది, హబ్ ఖాళీ అంతా కూరడం. అప్పుడు గ్రీజు చిలకబడి వేడి పుడుతుంది, ఆ ఒత్తిడి సీల్ మీద పడుతుంది. రోలర్ల మధ్యకు బాగా ఎక్కించి, హబ్ లోపలి గోడకు కంపెనీ చెప్పిన మేరకే పూయాలి.

ఇక బిగింపు. నట్టుతో సరిచేసే హబ్‌లలో సాధారణంగా పాటించే ఎండ్ ప్లే (హబ్ లోపలికీ బయటికీ కదిలే వదులు) 0.025 నుంచి 0.127 మిల్లీమీటర్లు. ఇది చేతి అంచనాకు అందే కొలత కాదు, డయల్ గేజీ పెట్టాల్సిందే. వదులు బేరింగు కొంతకాలం చప్పుడు చేసైనా హెచ్చరిస్తుంది. అతిగా బిగించినది మాత్రం దారిలో కాలిపోయేదాకా బయటపడకపోవచ్చు. సీల్ చేసి వచ్చే యూనిట్ హబ్‌లను మాత్రం ఇలా సరిచేయకూడదు.

కింగ్ పిన్‌ను (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం ఏ పిన్ చుట్టూ తిరుగుతుందో దాన్ని) పరీక్షించే ముందు వెనక చక్రాలకు అడ్డు పెట్టి, యాక్సిల్‌ను జాకీతో లేపి, స్టాండు మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపితే కదలిక వచ్చిందా? ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి (ఎయిర్ బ్రేకు అయితే ట్యాంకులో గాలి నిండుగా ఉండాలి). కదలిక ఆగిపోతే వదులు హబ్ బేరింగులది, ఆగకపోతే కింగ్ పిన్ బుష్‌లది. టైరు కింద గడ్డపార పెట్టి పైకి లేపితే నిలువు వదులు తెలుస్తుంది. ముందు భాగం బరువంతా మోసే థ్రస్ట్ బేరింగు పరిస్థితి అక్కడే బయటపడుతుంది. పక్కలు పట్టి కదిపితే టై రాడ్ ఎండ్ల (రెండు ముందు చక్రాలను కలిపే స్టీరింగ్ కడ్డీ చివరి కీళ్ల) సంగతి తేలుతుంది.

కింగ్ పిన్ నిప్పల్‌లోకి (గ్రీజు ఎక్కించే చిన్న మూతిలోకి) గ్రీజు కొట్టేటప్పుడు చక్రం నేల మీద ఉండాలా, లేపాలా అన్నది యాక్సిల్ తయారీదారుల మాన్యువల్‌ను బట్టి మారుతుంది. కొందరు నేల మీదే కొట్టమంటారు, కొందరు థ్రస్ట్ బేరింగు కోసం లేపమంటారు. మెకానిక్ అలవాటు కన్నా మాన్యువల్ మాట వినడం మేలు. ఎలా కొట్టినా పాత గ్రీజు బయటికొచ్చి, దాని వెనక కొత్తది కనిపించే దాకా ఆపకండి. గన్ నాలుగుసార్లు నొక్కి తుడిచేస్తే గ్రీజింగ్ అయినట్టు కాదు. నిప్పల్ మూసుకుపోతే మార్చండి. కమాను పట్టీల చివర ఉండే షాకిల్ పిన్లకూ ఇదే పద్ధతి, ఆ పట్టీలను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల బిగింపూ చూసుకోవాలి.

అధిక లోడు గురించి ఒక లెక్క. రోలర్ బేరింగు ఆయుష్షు, దాని మీది బరువు 10/3 ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. అంటే బరువు 20 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఆఫ్‌సెట్ (రిమ్ము హబ్‌కు ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందన్న కొలత) తేడా ఉన్న రిమ్ములు వేసినా బరువు పక్కకు జరిగి ఒకే బేరింగు మీద పడుతుంది. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పడం కూడా కింగ్ పిన్లకు భారమే. కొద్దిగా కదిలిస్తూ తిప్పండి.

వానలు మొదలయ్యాక కడిగేటప్పుడు ప్రెషర్ నీటి ధారను సీళ్ల మీదికి, కింగ్ పిన్ కీళ్ల మీదికి నేరుగా కొట్టవద్దు. హబ్ నీటిలో మునిగితే తదుపరి సర్వీసు దాకా ఆగకుండా త్వరలోనే విప్పించి గ్రీజు రంగు చూడండి. గ్రీజుకు బదులు ఆయిల్‌తో నడిచే హబ్ అయితే గాజు కిటికీలో ఆయిల్ మట్టమూ, రంగూ రోజూ చూసుకోవాలి. దూర ప్రయాణాల మధ్య ఆగినప్పుడు రెండు ముందు హబ్‌ల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పోల్చండి, చేయి పెట్టకండి. ఒకటి స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉండవచ్చు, బేరింగు బిగుసుకుని ఉండవచ్చు. ఏదైనా సరే కారణం తేలే దాకా బండి కదలకూడదు.