ఇంటి షెడ్డులో టర్బో కారు, 5వ పాఠం: ఆయిల్ వచ్చే దారి, ఆయిల్ పోయే దారి

పోయిన పాఠంలో టర్బోను, అంటే ఇంజన్ వదిలే పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యానును, బల్ల మీద పెట్టి, ఇరుసును వేళ్లతో పట్టి కదిపి చూశాం. ముందుకూ వెనక్కూ ఆట 0.1 మిల్లీమీటరు లోపు ఉండి, ఫ్యాను రెక్కలు ఎక్కడా గోడకు రాసుకోకపోతే ఆ టర్బోకు ఇంకా ఆయుష్షు ఉన్నట్టే. పక్కలకు కొద్దిగా ఊగడం దాని స్వభావం, చూసి బెదిరిపోవద్దని కూడా చెప్పుకున్నాం. ఆ పని చేయని వాళ్లు ముందు అది చేసి రండి. ఈ పాఠం మొత్తం ఆయిల్ గురించే. ఈ ధారావాహికలో ఒక్క పాఠమే చదివే తీరిక ఉంటే ఇదే చదవమంటాను.

కొత్తగా చేరిన వాళ్లకు రెండు ముక్కలు. మనం షెడ్డులో విప్పి మళ్లీ కడుతున్నది పాత స్విఫ్ట్ డీజిల్. 1248 సీసీ, ఫియట్ మల్టీజెట్ ఇంజన్, 75 హార్స్‌పవర్. 2007లో స్విఫ్ట్‌లోకి వచ్చింది. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చి మారుతి డీజిల్ ఆపేసేదాకా రోడ్ల మీదికి వస్తూనే ఉంది. హనుమకొండలో ఏ గల్లీలో నిలబడ్డా ఒకటి కనబడుతుంది, కాబట్టి సామాన్లకు కొదవ లేదు. "అన్నా, మా నాన్న మారుతి 800కు టర్బో ఎక్కిద్దాం" అని అడిగే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు మొదటి పాఠంలోనే చెప్పాను, మళ్లీ చెప్తున్నాను. కంపెనీ ఇచ్చిన రూపానికి తేడాగా బండిని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే వీలుంది. ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చిన బండి తీసుకుని, దాన్ని కొత్తదానిలా కట్టుకుంటే ఏ చెక్‌పోస్టు దగ్గరా టెన్షన్ ఉండదు. నేర్చుకునే పని ఏమాత్రం తగ్గదు.

ఇక టర్బో సంగతి. మన ఇంజన్ హైవే మీద నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు తిరుగుతుంది. దాని పక్కనే పిడికిలంత ఉన్న ఈ టర్బో ఇరుసు గట్టిగా తొక్కినప్పుడు రెండు లక్షల చుట్లు దాటుతుంది. దాన్ని మోసేది బాల్ బేరింగ్ అనుకుంటారు చాలామంది. కాదు. ఇత్తడి రంగులో ఉండే రెండు చిన్న బుష్షులు మోస్తాయి. ఇరుసుకూ బుష్షుకూ మధ్య ఒక ఆయిల్ పొర, బుష్షుకూ హౌసింగుకూ మధ్య ఇంకో పొర. వెంట్రుక కన్నా పలుచన. బుష్షు కూడా ఆ ఆయిల్‌లో తేలుతూ తిరుగుతుంటుంది. లోహం లోహాన్ని తాకనంతకాలం టర్బో లక్షల కిలోమీటర్లు నడుస్తుంది, తాకిందా కొన్ని సెకన్లలో అయిపోతుంది. అదీగాక ఒక పక్క 700 డిగ్రీల పొగ కొడుతుంటుంది. చాలా డీజిల్ టర్బోలకు నీళ్ల జాకెట్ ఉండదు, ఆ వేడిని మోసుకుపోవాల్సింది కూడా ఆయిలే.

మా మేనమామ కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అక్కడి ఆల్కో రైలు ఇంజన్లకు 16 సిలిండర్లు, మనిషి ఎత్తలేనంత టర్బో. చిన్నప్పుడు స్టేషన్లో రైలు కదులుతుంటే వినబడే ఆ సన్నని ఈల టర్బోదేనని చెప్పింది ఆయనే. నేను మొదటిసారి కారు టర్బో విప్పి, ఆయిల్ పైపు కొత్తది తెచ్చానని గొప్పగా చూపిస్తే, మామ దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "వచ్చుడు ఒక్కటే సూస్తె ఎట్లరా, పోవుడు గూడ సూడాలె" అన్నాడు. అప్పుడు ఆ మాట నా బుర్రకెక్కలేదు.

ఎక్కడానికి మా బావ బండి పాడవ్వాల్సి వచ్చింది. ఆయన బండికి కొత్త టర్బో నేనే బిగించాను. ఆయిల్ కిందికి దిగే పైపు మూతి దగ్గర కారకూడదని, ప్యాకింగ్‌కు రెండు వైపులా గ్యాస్కెట్ సిలికాన్ పేస్టు దట్టంగా పూశాను. ములుగు రోడ్డు మీద మల్లంపల్లి దాటగానే వెనక నీలం పొగ. అద్దంలో రోడ్డే కనబడలేదని బావ చెప్పాడు. ట్రాలీ మీద వెనక్కు తెచ్చి విప్పితే, పైపు మూతి లోపలికి పొంగి గట్టిపడ్డ సిలికాన్ కందిగింజంత ముద్ద వేలాడుతోంది. దాని వెనక ఇంకో రెండు. రింగులాగా చుట్టూ పేరుకుని సగం దారి మూసేశాయి. పైనుంచి ఆయిల్ బ్రహ్మాండంగా వస్తోంది, పోవడానికే దారి లేదు. కొత్త టర్బో డబ్బు, బావ నమ్మకం రెండూ నా చేతులతో నేనే పోగొట్టాను.

అలా ఎందుకవుతుందో తెలిస్తే మీరు ఆ తప్పు చేయరు. టర్బోలో రబ్బరు సీలు ఉండదు, ఆ వేడికి రబ్బరు నిలవదు. ఇరుసు రెండు కొసలా పిస్టన్ రింగు లాంటి సన్నని రింగు మాత్రమే ఉంటుంది. ఆయిల్‌ను పూర్తిగా ఆపే శక్తి దానికి లేదు. రెండు పక్కలా ఫ్యాన్లను కప్పి ఉండే చిప్పల్లో గాలి ఒత్తిడి ఎక్కువ, మధ్య గదిలో తక్కువ, ఆయిల్ ఎప్పటికప్పుడు కిందికి జారిపోతుంటుంది. అందువల్లే కారదు. పోయే దారి మూసుకుందంటే మధ్య గది నిండుతుంది, రింగు పక్కనుంచి తన్నుకుని బయటికొస్తుంది. సైలెన్సర్ వైపు వస్తే నీలం పొగ, ఫ్యాను వైపు వస్తే గాలి పైపుల నిండా జిడ్డు. "సీల్ పోయింది, టర్బో మార్చాలె" అని చెప్పే బండ్లలో చాలావాటికి అసలు జబ్బు ఇదే. టర్బో మార్చినా జబ్బు అక్కడే ఉంటుంది, కొత్తది కూడా కారుతుంది.

పని వచ్చే దారితో మొదలుపెడదాం. బ్లాకు నుంచి టర్బో నెత్తి మీదికి సన్నని ఇనుప పైపు వస్తుంది, రెండు కొసలా బాంజో బోల్టులు, అంటే ఆయిల్ పోవడానికి లోపల బెజ్జం ఉన్న బోల్టులు. బోల్టును విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి బెజ్జంలోంచి చూడండి. కొన్నింటిలో చిన్న జాలీ ఉంటుంది, అది మసితో మూసుకుపోయి ఉంటే టర్బో ఎందుకు పోయిందో మీకు జవాబు దొరికినట్టే. పైపును మాత్రం కడిగి వాడకండి. లోపల ఆయిల్ కాలి కాలి డాంబరు పెచ్చులా అంటుకుని ఉంటుంది. పెట్రోలు కొట్టి, పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే శుభ్రంగానే కనబడుతుంది. మళ్లీ వేడెక్కినప్పుడు ఆ పెచ్చు ఊడి నేరుగా బుష్షులోకి పోతుంది. కొత్త పైపే వేయండి. రాగి వాషర్లు కూడా ప్రతిసారీ కొత్తవి, పైపు కొసన ఉండే రింగుకు ఇటొకటి అటొకటి. ఇక్కడ టెఫ్లాన్ టేపు, పేస్టు ఏదీ వద్దు.

పైపు కొత్తదైతే సరిపోదు, దానికి ఆయిల్ పంపే చోటు కూడా చూడాలి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దింపండి. ఆయిల్ మార్చడం ఆలస్యం చేసిన బండైతే అడుగున నల్లటి గుజ్జు ఉంటుంది, పంపు నోటికి ఉన్న జాలీని అదే మూసేస్తుంది. ఈ ఇంజన్‌కు ఇది తెలిసిన జబ్బే. జాలీని డీజిల్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో కడగండి. వేస్ట్ కాటన్‌తో తుడవొద్దు, దాని పోగులు జాలీకే చుట్టుకుంటాయి.

ఇప్పుడు పోయే దారి, దీనికి తొందర పడకండి. టర్బోలోకి ఒత్తిడితో వచ్చిన ఆయిల్ బయటికొచ్చేటప్పుడు ఒత్తిడి ఏమీ ఉండదు. గాలి కలిసి నురగలా ఉంటుంది. దాన్ని లాగే పంపు లేదు, తన బరువుతో తాను జారాల్సిందే. అందుకే వచ్చే పైపు పెన్సిలు కన్నా సన్నగా ఉంటే, పోయే పైపు బొటనవేలంత ఉంటుంది. అది నిటారు గీతకు 35 డిగ్రీలకు మించి వాలకూడదు, మధ్యలో ఎక్కడా పల్లంలా కిందికి వంగి మళ్లీ పైకి లేవకూడదు. రబ్బరు ముక్క ఉంటే ఆయిల్‌కూ వేడికీ తట్టుకునే రకమే వేయాలి. రేడియేటర్ పైపు ముక్క కోసి పెడితే నెల రోజుల్లో లోపలికి ఉబ్బి మూసుకుంటుంది. మూతి దగ్గర కొత్త ప్యాకింగ్ పెట్టి, రెండు ముఖాలూ శుభ్రంగా తుడిచి సమంగా బిగిస్తే చాలు. పేస్టు అక్కర్లేదు.

బిగించే ముందు ఒక చిన్న పరీక్ష. చాయ్ గ్లాసెడు ఆయిల్ తీసుకుని, టర్బో ఇంకా పెట్టకముందే ఆ పైపులోకి పైనుంచి పోయండి. గుటక వేసినట్టు ఒక్కసారి దిగిపోవాలి. అంచు దాకా నిండి, బుడగలేస్తూ నెమ్మదిగా దిగిందంటే లోపల ఎక్కడో అడ్డం ఉంది. బావ బండికి ఈ పరీక్ష చేసి ఉంటే అరనిమిషంలో బయటపడేది. ఇంకో సంగతి: ఆయిల్ నింపేటప్పుడు గేజ్ మీద పై గీత దాటనివ్వకండి. "కొంచెం ఎక్కువుంటే మంచిదే కదా" అని పోస్తారు. చాంబర్ పొంగితే పైపు కింది మూతి ఆయిల్‌లో మునుగుతుంది, దారి ఉన్నా లేనట్టే.

ఇంజన్ లోపలి గాలి ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ పైపు కూడా ఊది చూడండి. అది మూసుకుంటే చాంబర్‌లో గాలి ఒత్తిడి పెరిగి, కిందినుంచి ఆయిల్‌ను దిగనివ్వదు.

టర్బో బిగించాక తాళం తిప్పే తొందర అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. ఆగండి. మెడికల్ షాపులో 20 ఎంఎల్ సిరంజి తెచ్చుకోండి. వచ్చే పైపు పెట్టకముందే టర్బో నెత్తి మీది బెజ్జంలోకి కొత్త ఆయిల్ ఎక్కిస్తూ, ఇంకో చేత్తో ఫ్యానును మెల్లగా తిప్పండి. మొదట పొడిగా గరగరమన్నట్టుండే ఫ్యాను, ఆయిల్ అందగానే చేతికి వెన్నలా మెత్తబడుతుంది. ఆ తేడా వేలికి తెలుస్తుంది, ఒకసారి తెలిశాక జీవితంలో మర్చిపోరు. తర్వాత పైపు బిగించి, ఇంజక్టర్ల కనెక్టర్లు తీసేయండి. పోయే పైపు కింది జాయింటు వదులు చేసి, కోసిన నీళ్ల బాటిల్ పెట్టండి. పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి, అరనిమిషం ఆగండి, మళ్లీ కొట్టండి. మీటర్‌లో ఆయిల్ దీపం ఆరాలి, బాటిల్‌లోకి ఆయిల్ రావాలి. రెండూ కంటితో చూశాకే జాయింటు బిగించి కనెక్టర్లు పెట్టాలి.

స్టార్ట్ చేసే ముందు రెండు జాగ్రత్తలు. పాత టర్బో కారిన బండైతే గాలి పైపులన్నీ విప్పి లోపలి ఆయిల్ తుడిచేయండి. అది సిలిండర్లలోకి పోతే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగుతూ తనంతట తానే రేస్ అవుతుంది, తాళం తీసినా ఆగదు. అలా జరిగితే అయిదో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ ఒక్కసారిగా వదిలి ఆపాలి. లేదా గాలి పైపు నోటికి చెక్క పలక అడ్డం పెట్టాలి. చెయ్యి మాత్రం ఎన్నడూ పెట్టొద్దు. పలక పక్కనే ఉంచుకోండి, షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి, పిల్లల్ని ఇంట్లోకి పంపండి.

స్టార్ట్ అయ్యాక మూడు నిమిషాలు రేస్ ఇవ్వకండి. లైటు వేసి ప్రతి జాయింటునూ చూడండి. సైలెన్సర్‌లో మిగిలిన పాత ఆయిల్ కాలి కాసేపు పొగ వస్తుంది, అది తగ్గుతూ పోవాలి. పదిహేను నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే ఆపేసి పోయే దారి మళ్లీ చూడండి. అంతా బాగుంటే పొద్దున్నే రద్దీ లేనప్పుడు హసన్‌పర్తి దాకా మెల్లగా వెళ్లి రండి.

ఇంటికి రాగానే ఠక్కున ఆఫ్ చేయొద్దు. మన మే నెల 44, 45 డిగ్రీల ఎండలో హైదరాబాదు నుంచి తొక్కుకుంటూ వచ్చి, దాబా దగ్గర ఆపీ ఆపగానే తాళం తీస్తాం. టర్బో ఒళ్లంతా మండుతుంటుంది, ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, లోపల నిలిచిన ఆయిల్ పెనం మీద నూనెలా మాడి పెచ్చు కడుతుంది. మనం విప్పి పారేసిన పైపులోని డాంబరు అలా పుట్టిందే. దాబా ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగానే కాలు తేలిక చేయండి, ఆగాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. మేడారం జాతర లాంటి రద్దీలో గంటల తరబడి పాకించినప్పుడు ఈ బెంగ అంత ఉండదు, టర్బో మీద లోడు పడదు కదా. అప్పుడు కనిపెట్టి చూడాల్సింది రేడియేటర్‌ను.

ఇక మీరు చేయాల్సింది: 100 కిలోమీటర్లు తిప్పండి. బండిని సమతలంగా నిలిపి, పది నిమిషాలు ఆగి గేజ్ చూసి, ఎంత తగ్గిందో నోట్‌బుక్కులో తేదీ వేసి రాసుకోండి. వచ్చే పాఠంలో టర్బో నుంచి ఇంజన్‌కు పోయే గాలి పైపుల్లో లీకులు పట్టుకుందాం. దానికి పాత సైకిల్ ట్యూబు ఒకటి, వాల్వుతో సహా, కావాలి. సబ్బు నీళ్లకు ఒక స్ప్రే బాటిల్ కూడా దాచి ఉంచండి.