యుద్ధవేళ ఒక సమాజానికి రబ్బీ అండగా నిలవడం ఎలా?

యుద్ధం మొదలవగానే సినగాగ్‌ల (యూదుల ప్రార్థనామందిరాల) నుంచి ప్రకటనలు వెలువడటం పరిపాటి. ప్రకటన అవసరమే గానీ, రబ్బీ, అంటే యూదు మతగురువు, దాన్ని చివరి పనిగా పెట్టుకోవడం మంచిది. యూదు సంప్రదాయంలో అండగా నిలవడమంటే, ముందు వెళ్లి బాధితుల పక్కన కూర్చోవడం.

బయలుదేరే ముందు అక్కడి పెద్దలతో మాట్లాడి, ఎవరు రావాలో, ఏం తేవాలో, అసలు రావాలో వద్దో తెలుసుకోవాలి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేవరకు సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం కాబట్టి, ఆ వేళకు పరామర్శలేవీ పెట్టుకోకూడదు. నిష్ఠాపరులు ఆ సమయంలో వాహనం ఎక్కరు, ఫోను ముట్టరు, నలుగురిలో సంతాపం పాటించరు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఈ నియమాలు పక్కకు తప్పుకుంటాయి.

మృతుల ఇంట ఖననం తర్వాత ఏడు రోజులు షివా అనే సంతాపం పాటిస్తారు. అద్దాలకు గుడ్డ కప్పి ఉంటుంది, కుటుంబసభ్యులు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. లోపలికి వెళ్లినవారు పలకరింపులు లేకుండా కూర్చుని, ఆ ఇంటివారు నోరు విప్పేదాకా మౌనంగా ఉండాలి. ఏడు రాత్రింబవళ్లు నేలమీద మాట్లాడకుండా కూర్చున్న, బైబిలులోని యోబు స్నేహితులు ఇందుకు ఆదర్శం. వాళ్లు మాట్లాడటం మొదలుపెట్టాకే వ్యవహారం చెడింది. కాబట్టి ‘ఇది దైవనిర్ణయం’ వంటి మాటలూ, యుద్ధనీతి మీద చర్చలూ గడప బయటే ఆగాలి. సీయోను, యెరూషలేముల కోసం దుఃఖించే వారందరితోపాటు మిమ్మల్నీ దేవుడు ఓదార్చుగాక అని చెప్పి లేవడం ఆచారం.

సినగాగ్‌లో బైబిలులోని 20, 121, 130 కీర్తనలు చదివించవచ్చు. చెరలో ఉన్నవారి కోసం ‘అహేను’ ప్రార్థన ఉంది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి తర్వాత చాలాచోట్ల బందీల కోసం ఖాళీ కుర్చీలు ఉంచారు. పేర్లు, ఫొటోలు పెట్టేముందు కుటుంబసభ్యుల అనుమతి అడగాలి.

బందీల విడుదల పేదల పోషణకన్నా ముందని మధ్యయుగపు యూదు ధర్మశాస్త్రవేత్త మైమోనిడిస్ తీర్పు. అందుచేత ప్రార్థించి ఊరుకుంటే చాలదు, అధికారుల తలుపూ తట్టాలి. 1943 అక్టోబరు 6న, యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోం కిప్పూర్‌కు మూడు రోజుల ముందు, నాజీల నుంచి ఐరోపా యూదులను కాపాడాలని కోరుతూ సుమారు 400 మంది రబ్బీలు వాషింగ్టన్‌లో ఊరేగింపుగా నడిచారు. అమెరికా ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ వారిని కలిశాడు, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కలవలేదు. వారు అడిగింది ఒట్టి సానుభూతి కాదు, కాపాడే పని చూసే ప్రత్యేక ప్రభుత్వ సంస్థ. అలాంటిది 1944 జనవరిలో ఏర్పడింది. దాని వెనుక ఇతరుల ఒత్తిడీ ఉంది గానీ, వినతిపత్రం రాసేవారు ఆ సూటిదనాన్ని అలవరచుకోవాలి.

అండ కావలసింది తమవారికే అనుకోకూడదు. 1988లో ఏర్పడిన ‘రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్’ అనే ఇజ్రాయెల్ సంస్థ సభ్యులు ఆలివ్ కోతల కాలంలో వెస్ట్‌బ్యాంక్‌లోని పాలస్తీనా రైతుల తోటలకు వెళ్లి, కాయలు కోస్తూ, వారిపై యూదు సెటిలర్ల దాడులు జరగకుండా తోడుంటారు. అలా వెళ్లేవారు రైతు రమ్మన్న రోజునే వెళ్లాలి, ఆయన చూపిన చెట్టు దగ్గరే పని చేయాలి.

ఇక ప్రకటన రాసేటప్పుడు, దాన్ని పొట్టిగా ఉంచి, ఒకరి శోకాన్ని మరొకరి శోకంతో తూచకుండా, చేయబోయే పనిని స్పష్టంగా చెప్పాలి. షివా ముగిశాక ఇల్లు ఖాళీ అవుతుంది కాబట్టి, ముప్పయ్యో రోజునూ, హీబ్రూ పంచాంగం ప్రకారం వచ్చే వర్ధంతినీ ముందే రాసి పెట్టుకుని, ఆ రోజుల్లో మళ్లీ వెళ్లాలి.