వేడికి శ్రుతి తప్పే ఆసిలేటర్: నా అనుభవం

విజయవాడ ఎండకు గది వేడెక్కేకొద్దీ నేను కట్టిన సింథసైజర్ ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించే సర్క్యూట్) శ్రుతి తప్పేది. పవర్ సప్లై, కెపాసిటర్, ట్రిమ్‌పాట్ (సర్దుబాటు చేసే చిన్న రెసిస్టర్) మార్చినా ఫలితం లేకపోయింది. వోల్టేజీని స్వరానికి తగిన కరెంటుగా మార్చే ఎక్స్‌పొనెన్షియల్ కన్వర్టర్‌లోని ట్రాన్సిస్టర్ల జత ఒకేలా, ఒకే వేడిలో ఉండాలి గనుక, అక్కడున్న 2ఎన్3904 జతకు బదులు, సులభంగా దొరికే బీసీ547 ట్రాన్సిస్టర్లు ఒకే స్ట్రిప్ నుంచి తీసుకున్నాను. ఒక్కొక్కదానికి బేస్‌ను కలెక్టర్‌తో కలిపి, అదే 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కరెంటు పంపి, బేస్-ఎమిటర్ వోల్టేజీ డిగ్రీ వేడికి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గిపోతుంది గనుక వేలు తగలనివ్వకుండా, అంకె నిలకడగా నిలిచాకే దాన్ని రాసుకున్నాను. మిల్లీవోల్టులోపు తేడా ఉన్న రెండింటి చదును ముఖాలను థర్మల్ పేస్టుతో ఆనించి, వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టంతో బిగించాను. వీటి కాళ్ల వరుస 2ఎన్3904కు తలకిందులు. అది చూసుకొని టంకం పెట్టాలి. శ్రుతి చాలావరకు నిలిచింది. అయితే పై ఆక్టేవ్‌లలో మిగిలే తేడా దీనితో పోదు, దానికి వేడితో పాటు విలువ డిగ్రీకి 3,300 పీపీఎం (పది లక్షల్లో 3,300 వంతులు) పెరిగే టెంప్కో రెసిస్టర్ కావలసిందే. ఇతర డిజైన్లకు ఇంతే మేలు జరుగుతుందని హామీ ఇవ్వలేను.