స్మార్ట్‌వాచ్‌తో నడకనూ నిద్రనూ లెక్కించుకునే పద్ధతి

స్మార్ట్‌వాచ్ గానీ ఫిట్‌నెస్ బ్యాండ్ గానీ అడుగులను లెక్కపెట్టేది చేతి ఊపును బట్టే. లోపలున్న యాక్సిలరోమీటర్ ఆ కదలికలను నమోదు చేస్తే, వాటిలో నడక లయను పోల్చుకుని సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. అడుగుభాగాన వెలిగే ఆకుపచ్చ కాంతి చర్మం కింద రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను పసిగట్టి గుండె వేగాన్ని అంచనా వేస్తుంది. మిగిలిన అంకెలలో చాలా భాగం ఈ రెండింటి నుంచే పుడతాయి.

ముందుగా యాప్‌లో వయసు, ఎత్తు, బరువు సరిగ్గా నమోదు చేయాలి, ఎందుకంటే దూరం, కేలరీల అంచనాలు వాటిపైనే ఆధారపడతాయి. పరికరాన్ని ఎక్కువగా పని చేయని చేతికి, మణికట్టు ఎముకకు ఒక వేలు వెడల్పు పైన, అటూ ఇటూ జారకుండా, చర్మం మీద అచ్చు పడేంత బిగుతు లేకుండా పెట్టుకుని, ఏ చెయ్యి అన్నది సెట్టింగులలో తెలపాలి. వ్యాయామం చేసేటప్పుడు పట్టీని కాస్త బిగించి, ఆ తర్వాత సడలించి, చెమట తుడిచి ఆరనివ్వాలి. తడి నిలిచిన చోట దద్దుర్లు రావచ్చు.

పరికరం మీ నడకకు ఎంత దగ్గరగా ఉందో తెలుసుకోవాలంటే, తెర మీది అంకెను గుర్తుపెట్టుకుని, చేతులు ఊపుతూ మామూలుగా 200 అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, కొన్ని క్షణాలు ఆగి మళ్లీ చూడండి. తర్వాత అదే దూరాన్ని చేతిని జేబులో పెట్టుకునో, తోపుడుబండి పట్టుకునో నడవండి. రెండోసారి లెక్క బాగా తగ్గితే ఆశ్చర్యపోనక్కర్లేదు. సైకిల్ తొక్కడం, బరువులెత్తడం వంటివి కూడా అడుగుల లెక్కకు సరిగా అందవు గనుక వాటికి వ్యాయామ మోడ్‌ను విడిగా ఆన్ చేయాలి.

రోజుకు 10,000 అడుగులన్న లక్ష్యం 1960ల జపాన్‌లో ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) అమ్మకంతో ప్రచారంలోకి వచ్చింది. దానికి వైద్య ప్రమాణమన్న హోదా లేదు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన అంతకంటే ఆధారపడదగినది. మొదటి రెండు వారాలు అలవాట్లేవీ మార్చకుండా మీ సగటు చూసుకుని, ఆ పైన కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడం మేలు.

నిద్ర విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తేలికనిద్ర, గాఢనిద్ర వంటి నిద్ర దశలను ప్రయోగశాలలో మెదడు తరంగాలను, కంటి కదలికలను, కండరాల బిగువును కొలిచి నిర్ణయిస్తారు. మణికట్టు మీది పరికరం కదలికను, గుండె వేగాన్ని చూసి ఊహిస్తుంది. అందువల్ల కదలకుండా పడుకుని ఫోన్ చూస్తున్న అరగంటను నిద్రగా రాసుకోవచ్చు, నిద్ర పట్టక నిశ్చలంగా ఉన్న సమయాన్ని కూడా కలిపేసుకోవచ్చు. పడుకున్న వేళ, లేచిన వేళ, మొత్తం గంటలు ఫరవాలేదనిపించేంత దగ్గరగా ఉంటాయి గానీ, గాఢనిద్ర ఇన్ని నిమిషాలన్న అంకెను మాత్రం ఒక రాత్రికి విడిగా పట్టించుకోకపోవడమే మంచిది. వారాల తరబడి వేళలు ఎలా మారుతున్నాయో చూడండి. పెద్దలకు కనీసం 7 గంటల నిద్ర అవసరం. రాత్రి ఛార్జింగ్ పెడితే ఆ రాత్రి లెక్కే ఉండదు గనుక స్నానం చేసే సమయాన్ని అందుకు కేటాయించాలి.

ఉదయం హాయిగా లేచి, యాప్ ఇచ్చే నిద్ర స్కోరు తక్కువగా ఉందని దిగులుపడేవారూ ఉన్నారు. ఈ ఆరాటానికి 2017లో పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరు పెట్టారు. అలాంటప్పుడు ఉదయపు నోటిఫికేషన్లను ఆపివేసి, వారాంతంలో ఒక్కసారి యాప్ తెరిస్తే చాలు. పెద్దగా గురక పెట్టడం, ఊపిరాడక మెలకువ రావడం, పగలంతా తూగుతూ ఉండడం వంటివి ఉంటే, పరికరం స్కోరు ఎంత బాగున్నా వైద్యుడిని కలవాలి. వెళ్లేటప్పుడు కొన్ని వారాల నిద్ర వేళల పట్టికను వెంట తీసుకెళ్లండి.